బ్యాండుమేళంతో దిగినవాడు

హల్ జిల్యులో జారెన్‌ని జారెన్ అని పిలిచేవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలారు. మిగతా ఊరికి అతను 'ఆస్ట్రేలియావాడు'. మాల్టాలో ఇంటిపేర్లతో పని జరగదు, సగం ఊరిది ఒకే ఇంటిపేరు. ఊరు ఏ పేరు తగిలిస్తే అదే తరతరాలకీ ఖాయం. హార్డ్‌వేర్ కొట్టు విస్తీన్ ముత్తాత ఎప్పుడో తాగి మేకనెక్కి వీధిలో ఊరేగాడట. ఆ పాపానికి నాలుగో తరంలో పుట్టిన విస్తీన్, బ్యాండు క్లబ్బుకి ప్రెసిడెంటయినా సరే, 'మేకవాడే'. ఆ లెక్కన చూస్తే జారెన్ జాతకం మంచిదే.

ఆ పేరు వెనక ఒక కథ ఉంది. ఏటా ఆగస్టులో ఊరి పునీతుడు సాన్ రోక్ పండగ ముందు క్లబ్బులో ఎవరో ఒకరు దాన్ని చెప్పి తీరాల్సిందే. 1955లో ఇరవై ఒక్కేళ్ల జారెన్ ఆస్ట్రేలియా వెళ్లి, మకాయ్ అనే చోట చెరకు నరికాడు. చేతినిండా పని, మూడు పూటలా మాంసం. అయినా నాలుగేళ్లు తిరిగేసరికి కుర్రాడికి బ్యాండు మీద బెంగ పట్టుకుంది. చెవుల్లో బాకాలు మోగుతుంటే కత్తి అవతల పారేసి ఓడెక్కేశాడు. 'పండగ చూడకుండా బతకలేనమ్మా, వచ్చేస్తున్నాను' అని అతను తల్లికి రాసిన ముక్క ఊళ్లో అందరికీ నోటికొచ్చు. 1959 జులై ఆఖర్లో అతను బస్సు దిగేసరికి బ్యాండు బ్యాండంతా చర్చి ముందు నిలబడి ఉంది. ఆ వాయింపుకి పావురాలు గంటగోపురం వదిలేసి పొరుగూరు పోయాయట. పావురాల సంగతి తర్వాత్తర్వాత కలిపారు గానీ బ్యాండు మాత్రం నిజమే. ఆ ఏడాది నుంచి యాభై ఏళ్లుగా, ఊరేగింపులో అందరికన్నా ముందు క్లబ్బు జెండా మోసేది జారెనే. మోకాళ్లు అరిగిపోయాయి, అయినా ఆ కర్ర ఇంకొకరికి ఇవ్వమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇంత అందమైన కథలో చిక్కు ఒక్కటే. అది అబద్ధం.

ఆస్ట్రేలియా వాళ్లు జారెన్ ఛాతీ ఎక్స్‌రే చూసి, ఏదో మచ్చ ఉందని వద్దన్నారు. వద్దన్న చోటికే వెళ్లాలనిపించింది అతనికి, ఆ వయసు అలాంటిది. సరుకుల ఓడలో వంటవాడికి సాయంగా చేరాడు. బ్రిస్బేన్ రేవులో ఉల్లిపాయలు తెస్తానని దిగాడు, మళ్లీ ఎక్కలేదు. నాలుగేళ్లూ చేతిలో కాగితం ముక్క లేకుండా, చచ్చిపోయిన ఎవడిదో పేరు చెప్పుకొని చెరకు నరికాడు. చివరికి ఎవడో నోరు జారాడు, పోలీసులొచ్చారు. రెండు నెలలు జైల్లో పెట్టి, చేతులకి సంకెళ్లు వేసి ఓడ దాకా నడిపించుకెళ్లారు. ఊరంతా మురిసిపోయే ఆ పండగ ఉత్తరం జైల్లో, పక్కవాడి దగ్గర అడుక్కున్న పెన్సిలుతో రాసింది.

ఈ సంగతి అతను పెళ్లాం కత్రీన్‌కి కూడా చెప్పలేదు. ఆమె పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. కాబట్టి ఈ నిజం తెలిసిన ప్రాణి భూమ్మీద తనొక్కడేనని జారెన్ నమ్మకం. యాభై ఏళ్లు మోసిన అబద్ధం కదా, చర్మంలో కలిసిపోయింది. ఇక బతికినన్నాళ్లు దాని జోలికి పోనక్కర్లేదనే అనుకున్నాడు, తెస్ఫాయ్ అతని గోడ మీద చెయ్యి వేసేదాకా.

తెస్ఫాయ్‌ది ఎరిత్రియా. ముప్ఫయ్యారేళ్లు, గడ్డంలో అప్పుడే తెల్లవెంట్రుకలు. ఎడారి దాటి, ట్రిపోలీ నుంచి రబ్బరు పడవలో బయల్దేరి, మూడు రోజులు నీళ్లు తాగకుండా నీళ్లలో గడిపి మాల్టా చేరిన వాళ్లలో ఒకడు. అలాంటి ముప్ఫైమందిని తెచ్చి హల్ జిల్యు పాత బడిలో పెట్టారు. కిందటేడు వానలకి జారెన్ బంగాళాదుంపల మడి చుట్టూ ఉన్న రాతిగోడ ఒక పక్క ఒరిగిపోయింది. మట్టీ సున్నం లేకుండా, రాయి మీద రాయి కుదిర్చి పేర్చే గోడ అది. ఇప్పటి కుర్రాళ్లకి సిమెంటు పుయ్యడం తప్ప ఆ పని రాదు. జారెన్ నడుం పట్టుకొని తిట్టుకుంటుంటే, దారిన పోతున్న తెస్ఫాయ్ ఆగాడు. ఒక రాయి తీశాడు, అటూ ఇటూ తిప్పాడు, సరిగ్గా దాని చోట్లో కూర్చోబెట్టాడు. ఇంకోటి తీశాడు. వాళ్ల కొండల మీద చేలగట్లన్నీ ఇలాగే కడతారట. సాయంత్రానికి గోడ లేచింది. చెరకు తోటల్లో నేర్చిన బండ ఇంగ్లీషు జారెన్‌కి ఇన్నేళ్లకి పనికొచ్చింది. అప్పటి నుంచి తెస్ఫాయ్ రోజూ మడికొస్తాడు, ఇద్దరూ మధ్యాహ్నం గోడ నీడన కూర్చుని రొట్టెకి టమాటా రాసుకుని ఉప్పులో ఊరిన కేపరు మొగ్గలు చల్లుకుని తింటారు. తాతా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టాడో ఇద్దరికీ గుర్తు లేదు.

మే నెలలో ఒక రోజు విస్తీన్ ఫైలు చంకన పెట్టుకుని మడికొచ్చాడు.

"ఏం ఆస్ట్రేలియా బాబాయ్! దుంపలు ఊరాయా?"

"నీ బుర్రకన్నా కాస్త పెద్దవే ఊరాయి. ఏంటా ఫైలు?"

"సంతకాలు. బడి ఖాళీ చేయించమని. ఆదివారం పూజయ్యాక క్లబ్బులో మీటింగు, చేతులెత్తి తీర్మానం చేసి పైకి పంపుతాం. ఊరు ఊరంతా ఒక్కమాట మీద ఉంటే పైవాళ్లూ కాదనలేమన్నారు." విస్తీన్ గొంతు తగ్గించాడు. పది గజాల అవతల తెస్ఫాయ్ వంగి కలుపు తీస్తున్నాడు. "ఇదిగో, నీ మనిషి గురించి కాదు నేననేది. ఇతను మంచివాడే."

"మరి చెడ్డవాడెవడు? పేరు చెప్పు, నేనే వెళ్లి తంతాను."

"పేర్ల గొడవ కాదు బాబాయ్. మన దేశమెంత? అరచేతంత. ఈ వారం ఒక పడవ, వచ్చే వారం ఒక పడవ. యూరోపంతా వేడుక చూస్తుంది, మోసేది మనం. మా అమ్మ ఆ బళ్లోనే అక్షరాలు దిద్దింది. నేను దిద్దాను. ఇప్పుడా కిటికీల్లో ఎవరివో లాగూలు ఆరేస్తున్నారు. అటు పోవాలంటేనే మనసొప్పట్లేదు."

"ఎనిమిదేళ్లుగా ఆ కిటికీల్లో గబ్బిలాలు ఆరాయి. అప్పుడొప్పిందా?"

"నీతో మాట్లాడి గెలిచినవాడెవడులే." విస్తీన్ నవ్వేశాడు. "అసలు మనూరు ఎలా ఉండేది చెప్పు? తలుపుకి తాళంచెవి అలాగే వదిలేసి పొలం పోయేవాళ్లు."

"ఇంట్లో ఏముందని? ఎత్తుకుపోవాలంటే మా నాయనమ్మనే ఎత్తుకుపోవాలి."

ఇలా ఎకసెక్కెం ఆడాడు గానీ, ఆ తాళంచెవులు అతనికీ గుర్తే. మకాయ్‌లో రాత్రిళ్లు కళ్లు మూసుకుంటే కనిపించినవి అవే. సందులో వరసగా తలుపులు, ప్రతి తలుపుకీ ఒక పెద్ద ఇనప తాళంచెవి, గడప మీద లేసు అల్లుకుంటూ ఆడవాళ్లు, ఎవరింట్లోంచో గుమ్మడికాయ కాలుతున్న వాసన. ఆ ఊరి కోసం అతను చెరకు తోటలో మొహం దాచుకుని ఏడ్చిన మాట మాత్రం అబద్ధం కాదు.

ఇంకో సంగతి. ఈ విస్తీన్ మీద అతనికి కోపం రాదు. కిందటి చలికాలం జారెన్‌కి ఊపిరితిత్తులకి నిమ్ము చేస్తే, నలభై రోజులు విస్తీన్ పెళ్లాం సూపు పంపింది. గ్యాస్ సిలిండరు మెట్లెక్కించింది విస్తీనే, మాటిమాటికీ కిటికీ మూసి తిట్టింది విస్తీనే. కన్నకొడుకు చేస్తాడో చెయ్యడో.

"కళ్లజోడు ఇంట్లో వదిలేశాను. ఆదివారం చూద్దాంలే," అన్నాడు జారెన్.

విస్తీన్ వెళ్లాక తెస్ఫాయ్ వచ్చి నీళ్ల సీసా అందుకున్నాడు. ఫైలులో ఏముందో అడగలేదు. అతనికి ఇక్కడి భాష పైకి చెప్పేదానికన్నా ఎక్కువే వచ్చు.

"బడి మూస్తే మిమ్మల్ని ఎక్కడ పెడతారు?" అన్నాడు జారెన్.

"పాత విమానాల మైదానం పక్కన టెంట్లున్నాయి కదా తాతా, అక్కడ. కాగితాలకి నేను పెట్టిన అర్జీ రెండుసార్లు వద్దన్నారు. టెంట్లలోకి వెళ్లినవాళ్లలో కాగితాలు లేనివాళ్లని ముందు పంపేస్తున్నారంట."

"ఎక్కడికి?"

"ఎక్కడి నుంచి వచ్చామో అక్కడికి." తెస్ఫాయ్ సీసా మూత బిగించాడు. "అక్కడ నన్ను మళ్లీ సైన్యంలో పడేస్తారు. లేదా జైలు. మా అన్న జైల్లోనే పోయాడు." అంతకన్నా ఏమీ అనకుండా కలుపు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం జారెన్ ఇంటికెళ్లి, కిటికీ రెక్కలు దగ్గరగా వేసి, మంచం మీద పడుకున్నాడు గానీ కునుకు పట్టలేదు. పడుకున్నవాడికి మకాయ్ కళ్ల ముందుకొచ్చింది. నరికే ముందు తోటకి నిప్పు పెట్టేవాళ్లు. ఎండుటాకు భగ్గున మండి, గడలు నల్లగా మిగిలేవి, తీపీ మసీ కలిసిన వాసన. ఒళ్లంతా బొగ్గు, పళ్లు మాత్రం తెలుపు. రేకుల కొట్టంలో పన్నెండుమంది మాల్టా కుర్రాళ్లు, ఒక్కడికీ వంట రాదు, అందరూ మాడిన మాంసం ముందు కూర్చుని వాళ్లమ్మ చేసే కుందేలు కూర గురించి కొట్లాడుకునేవాళ్లు. ఆదివారం ఒకడు దువ్వెనకి కాగితం చుట్టి సాన్ రోక్ ఊరేగింపు పాట ఊదేవాడు. మిగతావాళ్లు రేకు పళ్లేలు వాయించేవాళ్లు. ఎంత ఘోరంగా వాయించేవాళ్లో! ఇప్పుడు ఆ పన్నెండుమందిలో జారెన్ ఒక్కడే మిగిలాడు. అక్కడున్నప్పుడు ఇక్కడి కోసం ఏడ్చాడు, ఇక్కడికొచ్చాక దొంగచాటుగా అక్కడి కోసం ఏడుస్తున్నాడు. మనిషి బుద్ధి ఇంతే, ఎక్కడా కుదురుగా ఉండనివ్వదు.

మిసెస్ కానలీ అనే ఆవిడ కూడా గుర్తొచ్చింది. మొదటి ఏడాదే ఎవడో పితూరీ చేస్తే పోలీసులు తోటల్లో వెతకడం మొదలుపెట్టారు. జారెన్ పారిపోయి ఒక గుర్రాల పాకలో దూరాడు. పొద్దున్నే పాక తలుపు తీసిన ఆ ఐరిష్ విధవరాలు, గడ్డిలో వణుకుతున్న మసిబొమ్మని చూసింది. అరవలేదు. "పాలు పితకడం వచ్చా?" అని అడిగింది. వచ్చన్నాడు. ఏడు వారాలు అదే పాకలో దాచింది. పోలీసు గుమ్మంలోకి వస్తే టీ ఇచ్చి పంపింది. పేరడగలేదు, ఊరడగలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. చలిగా ఉంటే మాత్రం చచ్చిపోయిన మొగుడి కోటు తెచ్చి మొహాన పారేసింది. మంచి మాట ఒక్కటి మాట్లాడి ఎరగదు ఆ మనిషి.

ఈ ఊళ్లో జారెన్‌కి పలుకుబడి లేదు, పార్టీ లేదు. ఉన్నదల్లా ఒక జెండాకర్ర, దాని వెనక ఆ అబద్ధం. ఊరు నెత్తిన పెట్టుకున్న మనిషే కాగితాల్లేకుండా దూరినవాడనీ, సంకెళ్లతో వెనక్కి వచ్చినవాడనీ తెలిస్తే, వీళ్లు ఒక్క క్షణమైనా ఆగి ఆలోచించరా? ఆలోచించి తీరాలి. దానికి బదులు పోయేది తన పరువు. డెబ్బయ్యయిదేళ్లు వచ్చాక పరువు పోతే ఎక్కువ రోజులు బాధపడక్కర్లేదులే అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, మూడు రోజులు ముద్ద దిగలేదు.

ఆదివారం క్లబ్బు హాలు కిటకిటలాడింది. గోడల మీద పాత బ్యాండు మాస్టర్ల ఫోటోలు, వాటి కింద కుర్చీలు చాలక నిలబడ్డ జనం, బారు దగ్గర గాజుగ్లాసుల్లో టీ, పళ్లెంలో జున్ను కూరిన వేడివేడి పస్తీజీలు. జారెన్‌ని చెయ్యి పట్టి తీసుకొచ్చిన తెస్ఫాయ్ గుమ్మం దగ్గరే ఆగిపోయి, బయట బెంచీ మీద కూర్చున్నాడు.

కుర్ర ఫాదరు దున్ ఆంజ్లు ముందు లేచాడు. "మన సాన్ రోక్ ఎలా పోయాడో మర్చిపోయారా? దేశాలు తిరిగి సొంతూరొస్తే ఎవరూ గుర్తుపట్టలేదు. గూఢచారి అని జైల్లో పెడితే అక్కడే..."

"ఆయన పడవలో రాలేదు ఫాదర్!" అన్నాడొకడు వెనక నుంచి.

"ఒక్కడే వచ్చాడు కూడా! ముప్ఫైమందిని వెంటేసుకు రాలేదు!"

హాలు గొల్లుమంది. ఫాదరు ఎర్రబడి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. సాయంత్రం పిల్లల్ని ఒంటరిగా పంపడానికి భయమేస్తోందంది ఒకామె. ఏమైనా జరిగిందా అంటే ఏమీ జరగలేదు, అయినా భయమంది. వాళ్లు సగం కూలికి పనిచేస్తుంటే మా అబ్బాయిని ఎవడు పిలుస్తాడంటూ ఒక తాపీమేస్త్రీ గొంతు చించుకున్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అలాగని సముద్రంలో చావమందామా అన్నాడు ఒక ముసలి జాలరి. చావమని ఎవరన్నారు, ఇంకో ఊళ్లో బతకమంటున్నాం అన్నారు నలుగురు ఒక్కసారే. చాలాసేపు మాత్రం అందరూ పాత ఊరి గురించే మాట్లాడారు. బడిగంట, పాలమ్మే మేకలవాడి కేక, గడపల మీద ఆడవాళ్లు. వింటుంటే కొందరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

జారెన్ కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. ఆస్ట్రేలియావాడు మాట్లాడతాడంటే హాలు దానంతటదే సద్దుమణిగింది.

"నేను పండక్కోసం తిరిగి రాలేదు," అన్నాడు.

వెనక వరస దాకా వినపడాలని గొంతు పెంచాడు.

"వినపడిందా? నాకు కాగితాల్లేవు. ఓడ దిగి పారిపోయాను. నాలుగేళ్లు దొంగపేరుతో బతికాను. పట్టుకుని, జైల్లో వేసి, సంకెళ్లేసి పంపేశారు. ఆ ఉత్తరం అబద్ధం. యాభై ఏళ్లుగా మీ చేత అబద్ధానికి బ్యాండు వాయించాను. ఆ బళ్లో ఉన్నవాళ్లు ఏం చేశారో నేనూ అదే చేశాను. ఇప్పుడు చెప్పండి నన్నేం చేస్తారో."

అతను ఛీకొడతారనుకున్నాడు, కనీసం గుసగుసలైనా వస్తాయనుకున్నాడు. జనం తల వంచుకుని బూట్లు చూసుకుంటున్నారు. ఒకడు ఎప్పుడో కరిగిపోయిన పంచదారని ఇంకా కలుపుతున్నాడు. సిగ్గుపడాల్సింది తనైతే వీళ్లెందుకు పడుతున్నారో జారెన్‌కి అంతుపట్టలేదు.

"కూర్చో బాబాయ్," అన్నాడు విస్తీన్ మెల్లిగా. "ఎందుకిప్పుడు అవన్నీ?"

"ఎందుకేంటిరా? నీకర్థమైందా నేను చెప్పింది?"

అప్పుడు రెండో వరసలోంచి జోర్జీనా లేచింది. ఒకే సందులో పుట్టినవాళ్లు వాళ్లిద్దరూ. ఆమె మూడేళ్లు పెద్దది.

"మాకు తెలుసురా జారెన్."

"ఏం తెలుసక్కా?"

"అంతా. అప్పటి నుంచీ." ఆమె చేతిగుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. "మా అమ్మే కదరా సందులో అందరికీ ఉత్తరాలు చదివిపెట్టేది. బ్రిటిష్ దొరల ఇళ్లలో పనిచేసి ఇంగ్లీషు చదవడం నేర్చుకుంది. ఎవరికి ఉత్తరమొచ్చినా గడప మీద కూర్చుని చదివేది, సందంతా చేరేది. ఒకళ్ల ఉత్తరం అందరి ఉత్తరం. ఆ రోజు మీ అమ్మకి గవర్నమెంటు ముద్ర ఉన్న కవరొచ్చింది. నీకు పెద్ద ఉద్యోగమేదో వచ్చిందనుకుంది పిచ్చిది. అందరినీ పిలిచింది. కాఫీ కాచింది, నువ్వులద్దిన బిస్కెట్లు పళ్లెంలో పెట్టింది. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివేసింది. సంకెళ్లు, జైలు, ఓడ పేరు, అన్నీ. మధ్యలో ఆపాలని తోచలేదు మనిషికి, అలవాటు అలాంటిది. చదవడం అయ్యేసరికి మీ అమ్మ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది."

హాల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు.

"వారం తర్వాత నీ ఉత్తరమొచ్చింది, పండక్కొస్తున్నానని. అది కూడా మా అమ్మే చదివింది. అప్పుడే అందరూ ఒకమాట అనుకున్నారు. కుర్రాడు ఇలా చెప్పుకుంటున్నాడు, మనమూ ఇలాగే నమ్ముదాం అని. బ్యాండు మాస్టరు చెప్పాడు, మీరు నోళ్లు మూసుకోండి, నేను బాకాలు తెరుస్తాను అని. నువ్వు తల ఎత్తుకునే బస్సు దిగాలని."

"కత్రీన్‌కి?" అన్నాడు జారెన్. "కత్రీన్‌కి తెలుసా?"

"నిన్ను చేసుకుంటానని చెప్పే ముందే తెలుసు."

జారెన్ కూర్చుండిపోయాడు. యాభై ఏళ్లు తను ఊరిని మోసం చేస్తున్నాననుకున్నాడు. ఊరే అతన్ని కాపాడుతూ వచ్చింది. రెండు వందల గడపలు, ఇన్ని పెళ్లిళ్లు, ఇన్ని తగాదాలు, ఇన్ని తాగుళ్లు. ఒక్కసారంటే ఒక్కసారి ఎవరి నోరూ జారలేదు. అతను మకాయ్‌లో కలవరించిన ఊరు నిజంగానే ఉంది, అతను కలవరించినదానికన్నా మంచిది. అది తెలిశాక ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు, ఆపుకోవడానికి ప్రయత్నించనూ లేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా లేచి నిలబడి కొట్టింది. విస్తీన్ వచ్చి అతని భుజాలు గట్టిగా పట్టుకున్నాడు.

"మరి వాళ్లు?" అన్నాడు జారెన్, చప్పట్లు తగ్గాక. "వాళ్ల సంగతేంటి?"

"వాళ్లు వేరు బాబాయ్. నువ్వు మనవాడివి."

"మకాయ్‌లో ఒక ముసలావిడ ఏడు వారాలు నన్ను పాకలో దాచింది. ఆవిడకి నేనెవరివాణ్ణిరా?"

జవాబు లేనప్పుడు మీటింగుల్లో ఏం చేస్తారో విస్తీన్ కూడా అదే చేశాడు. గొంతు సవరించుకుని, బడి ఖాళీ చేయించాలన్నవాళ్లు చేతులెత్తమన్నాడు. చేతులు లేచాయి. నలభై రోజులు సూపు పంపిన చెయ్యి లేచింది. చప్పట్లు కొట్టిన చేతులే అన్నీ. జోర్జీనా ఒక చేత్తో కళ్లొత్తుకుంటోంది, రెండోది కాసేపు ఒళ్లోనే ఉండి, తర్వాత అదీ లేచింది. వద్దన్నవాళ్లు పదకొండుమంది, ఫాదరుతో కలిపి. జారెన్ పన్నెండోవాడు.

హాలు ఖాళీ అవుతుంటే ఒక్కొక్కరూ వచ్చి అతన్ని కావలించుకున్నారు. పస్తీజీలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. ఈసారి పండక్కి నీ కోసం ఊరేగింపు పాట రెండుసార్లు వాయిస్తాం అన్నాడు విస్తీన్, మనస్ఫూర్తిగానే. జారెన్ అందరికీ తలూపి గుమ్మం వైపు నడిచాడు. జోర్జీనా వెనకాలే వచ్చింది.

"కోపమొచ్చిందారా?"

"లేదక్కా. ఇన్నాళ్లూ మన ఊరికి ఈ పని చేతకాదేమో అనుకున్నాను. తలదించుకుని వచ్చినవాణ్ణి ఎలా నిలబెట్టాలో తెలీదేమో, పాపం, తెలిస్తే చేస్తారు అనుకున్నాను." అతను మెట్ల దగ్గర ఆగాడు. "మీకు చేతనవును. ఎంత బాగా చేతనవునో నామీద చేసి చూపించారు."

జోర్జీనా మొహం తిప్పుకుంది. "నీ విషయం వేరురా. మీ అమ్మ మాకు తెలుసు. ఆ పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషిని కళ్లారా చూశాం. వీళ్లెవరో, వీళ్ల అమ్మలెవరో మాకేం తెలుసు?"

బెంచీ మీంచి తెస్ఫాయ్ లేచి వచ్చి జారెన్‌కి మోచెయ్యి అందించాడు. లోపల ఏమైందో అతను అడగలేదు, వస్తున్నవాళ్లు తన మొహంలోకి చూడకుండా పోవడం చాలు కాబోలు. జోర్జీనా మాత్రం పోలేదు, మెట్టు మీదే నిలబడింది.

"మీ అమ్మ పేరేంటి?" అని జారెన్ ఇంగ్లీషులో అడిగాడు.

తెస్ఫాయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "లెతెబ్రహాన్. ఎందుకు తాతా?"

"ఈవిడ అడుగుతోంది."

జోర్జీనా ఆ పేరుని పెదాలతో పలకబోయి సగంలో వదిలేసింది. తర్వాత, ఉత్తరాలు చదివే మనిషి కూతురు కదా, అడక్కుండా ఉండలేకపోయింది.

"వాళ్లమ్మకి చదవడం వచ్చా? ఇతను ఉత్తరాలు రాస్తాడా? ఎవరు చదివిపెడతారో అడుగు."

జారెన్ అడిగాడు. తెస్ఫాయ్ తల అడ్డంగా ఊపాడు. "చదవడం రాదు. ఆదివారాలు ఫోన్ చేస్తాను. మా వీధిలో ఒక కొట్టుంది, అమ్మ అక్కడికి వస్తుంది. కొట్టువాడు పెద్ద స్పీకరు పెడతాడు, వీధంతా చేరుతుంది వినడానికి."

"ఏమని చెప్తాడంట?" అంది జోర్జీనా.

జారెన్‌కి జవాబు ముందే తెలుసు. అయినా అడిగాడు.

"నాకు ఇల్లుందని చెప్తాను," అన్నాడు తెస్ఫాయ్. "పొలం పనుందని. ఇక్కడివాళ్లు చాలా మంచివాళ్లు, నన్ను సొంతమనిషిలా చూసుకుంటున్నారు, బెంగపెట్టుకోకమ్మా అని."

జోర్జీనా జారెన్ మొహంలోకి చూసింది. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఆ మాటలు అతనే ఆమెకి తమ భాషలో చెప్పాలి. ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు.